పసుపు లైటు

పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం జగదీష్ తన కిరాయి కారును మా టెస్టింగ్ వ్యాను పక్కన ఆపాడు. అది లేకుంటే రేపు భద్రాచలం కల్యాణానికి జనాన్ని ఎక్కించలేడు. నన్ను గుర్తుపట్టలేదు.

సైలెన్సర్‌లో మీటరు పైపు పెట్టి, కిటికీలోంచి చూశాను. స్టీరింగు వెనక ఇంజన్ లైటు పసుపుగా వెలుగుతోంది.

"ఇంజన్ల ఏదో లోపమున్నట్టుంది తమ్ముడూ."

"అదా అక్కా! కొన్నప్పటి సంది గట్లనే వెలుగుతది. బండికి బొట్టు పెట్టినట్టు!" నవ్వాడు.

"నడిమిట్ల ఆగిపోదా?"

"ఒక్కనాడు ఆగలే. దుమ్ముగూడెం అడవిల, వానల గూడ ఉరికింది. రామయ్య మీద ఒట్టు."

ఆ ఒట్టు విన్నాక ఇక అడిగేదేమీ లేకపోయింది. మీటరు మాత్రం పాస్ అనే చూపించింది.

"పోయిన వానాకాలం దుమ్ముగూడెంల నీ కాళ్లు పట్టుకున్న. మా ఆయనకు గుండెనొప్పి, దవాఖానకు తీస్కపొమ్మన్న. ఈ లైటే చూపించి బండి కదలదన్నవు. ఆయన ఆడనే పోయిండు."

జగదీష్ చూపు ఆ పసుపు లైటు మీదికి పోయింది.

"కదలని బండికి సర్టిఫికెట్ ఎందుకు తమ్ముడూ?" అని మెల్లగా అడిగి, సర్టిఫికెట్ ప్రింటు తీయకుండానే మిషన్ ఆపేశాను.