జిమ్మేదారు

"మళ్ళ వచ్చినవా? పెద్ద మేడమ్ లేదని పోయిన వారమే చెప్పిన గద!" లేబర్ ఆఫీసు గుమాస్తా రమణ పాన్ నములుతూనే కసిరాడు.

జంపక్క కదల్లేదు. ఆమె వెనక చిన్నక్క, మరో ఇద్దరు ఆడవాళ్ళు గోడకు ఒదిగి నిలబడ్డారు. నలుగురిదీ చర్ల అవతల ఒకటే గూడెం. నలుగురి మొగుళ్ళూ పైరాష్ట్రంలో కాలువ తవ్వడానికి పోయి, ఒకే రోజు మట్టిపెళ్ళల కింద పడి చచ్చిపోయారు. తీసుకుపోయిన కాంట్రాక్టరు తిరుపతి శవాలను లారీలో తెచ్చి, ఊరి బయటే దించేసి, మనిషికి ఐదు వేలు చేతిలో పెట్టి మాయమయ్యాడు. థూ, వాడి బతుకు! ఇప్పుడు బూర్గంపాడులో రెండంతస్తుల ఇల్లు కడుతున్నాడు.

"మేడమ్ వచ్చేదాంక ఈడనే కూసుంట," అంది జంపక్క. "నీ కుర్చీ ముంగటనే కూసుంట. తొక్కుతవా, తొక్కు."

ఆరుసార్లు తిప్పాడు రమణ వాళ్ళని. ఒకసారి ఫోటోలు లేవన్నాడు, ఒకసారి దరఖాస్తు ఇట్లా కాదన్నాడు, ఒకసారి సిగ్గు లేకుండా చాయ్ పైసలు అడిగాడు. పస్తులుండి బస్సు కిరాయి కూడబెట్టుకుని వచ్చేవాళ్ళ దగ్గర చాయ్ పైసలు! తలుచుకుంటేనే ఒళ్ళు కంపరమెత్తుతుంది.

లొల్లి విని లోపలి గదిలోంచి కొత్త ఆఫీసరు సరళ బయటికి వచ్చింది. లేదన్న మేడమ్ ఆమే! రమణ పాన్ మింగేశాడు.

"ఏందమ్మా, ఏం కావాలె?"

"మా మొగోళ్ళని తోలుకపోయి చంపిండమ్మా. అడిగేటోడు లేడు."

సరళ వాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టింది. ఆ మాత్రం మర్యాదకే చిన్నక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"చట్టం ఉన్నదమ్మా. కూలోళ్ళని పైరాష్ట్రం తీసుకపోయేటోడు లైసెన్సు తీసుకోవాలె. మనిషికి ఏదన్న అయితే వాడే జిమ్మేదారు. పోయేముందు కాగితాలేమన్న అయినయా?"

"అవ్, శాన అయినయ్. నలుగుర్ల రాతొచ్చినోడు మా దూలయ్య ఒక్కడే." అంత దుఃఖంలోనూ మొగుడి పేరెత్తగానే జంపక్క గొంతు కాస్త నిలబడింది. "రాత్రిబడిల నేర్చిండు నా పెనిమిటి. అన్నిట్ల ఆయనతోనే సంతకాలు పెట్టిచ్చిండు తిరుపతి."

"మంచిది, రికార్డు తీయిస్త. జిమ్మేదారును వదల."

"పైసల్లేవంటే?"

"జప్తు చేయిస్త. ఇల్లు, గొడ్డుగోద, ఏముంటే అది."

"ఒక్కటి గూడ ఇడువకుండ్రి మేడమ్!" జంపక్క లేచి నిలబడింది. "వాని పెండ్లాం కాళ్ళమీద పడ్డా ఇనకుండ్రి. మా ఉసురు తగలాలె!"

నలుగురూ వేలిముద్రలు వేశారు. రమణే ఇంకు డబ్బా పట్టుకున్నాడు.

ఆ వారమే సరళను ఎక్కడికో బదిలీ చేశారు. మంచివాళ్ళను ఉండనిస్తారా? అయినా ఆమె కదిలించిన ఫైలు మాత్రం ఆగలేదు. మూడు నెలలు తిరిగేసరికి గూడేనికి జీపు వచ్చింది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఇద్దరు జవాన్లు దిగారు. జంపక్క పరుగున పోయింది.

"మా పని అయిందా సారూ?"

"అయింది. లైసెన్సున్న మేస్త్రీ ఎవరో తేలింది. ముగ్గురు ఆడోళ్ళకు తలా లక్ష కట్టాలె. లేకుంటే ఇయ్యాల్నే జప్తు."

చిన్నక్క జంపక్కను వాటేసుకుంది. "నీ పట్టుదలే గెలిపిచ్చిందక్కా!"

"ముగ్గురేంది సారూ? మేం నలుగురం గద?"

ఇన్‌స్పెక్టరు ఆమె మొహం చూడలేక కాగితంలోకి చూశాడు.

లైసెన్సు దూలయ్య పేరు మీద ఉంది.