ఆరింటిదాకా కవి

"ఈ యాప్ వాళ్లకి మనమీద ఇంత పగేంటన్నా?" టిఫిన్ డబ్బా మూతపెట్టి డ్రైవరు తన ఫోను కండక్టరు ముందుకు తోశాడు.

వార్త పొద్దున వచ్చింది. సాయంత్రం ఆరు నుంచి ఎవరు ఏది షేర్ చేసినా, కాపీ కొట్టి పెట్టినా, దాని కింద మొదట రాసినవాళ్ల ఫొటో పడుతుంది. పేరు దాచుకున్న పేజీ అయినా సరే, పాత పోస్టయినా సరే. ఆ ప్రకటన కింద అప్పటికే నలభై వేల తిట్లు.

"ఇది విను," అంటూ డ్రైవరే చదివాడు. "'నా జోకులన్నీ మా బావమరిదివని ఆఫీసులో తెలిస్తే నేను తలెత్తుకోగలనా?' అట. ఈవిడైతే ఏకంగా దండాలు పెట్టింది."

"మరి నువ్వేం రాశావ్?"

"నేను షేర్ చేసేది బస్సు టైములు. నాకేంటి భయం? నీకు అసలే లేదు. అంతా సొంత కవిత్వమాయె."

కండక్టరు ఫోను వెనక్కి తోసేశాడు. రెండేళ్లుగా పేరులేని ఒక పేజీ నుంచి రోజుకో కవిత ఎత్తి, తనదేనని వాల్ మీద పెట్టుకుంటున్నాడు. పెళ్లయి పద్దెనిమిదేళ్లు. భార్య అతని పక్కన కూర్చుని కబుర్లాడటం మొదలైంది ఆ కవితలతోనే. కుట్టుమిషను మీద మోచెయ్యి ఆనించి, "ఇవాళ రెండో పాదం కుంటిందండీ" అనేది.

"డ్యూటీలో రాసింది కదా, రేపు చూడు" అనేవాడు. మర్నాటిది నిజంగానే బాగుండేది. తన అదృష్టానికి తనే మురిసిపోయేవాడు.

ఆరుకు పది నిమిషాలుండగా ఇల్లు చేరాడు. భార్య చొక్కాకు చేతులు అతుకుతోంది.

"ఒక మాట చెప్పాలి. కోప్పడకు."

"ఏం పారేసుకొచ్చారు?"

"ఆ కవితలు నావి కావు. ఒక్క అక్షరం కూడా."

మిషను ఆగింది.

"రెండేళ్లూ?"

"రెండేళ్లూ. నువ్వు నాతో మాట్లాడుతున్నావ్ కదా అని... మానలేకపోయాను."

"మరెవరివి?"

"ఆ మహానుభావుడెవరో నాకూ తెలీదు. ఆరింటికి ఫొటో పడుతుందట."

"అయితే కూర్చోండి, చూద్దాం." ఆమె స్టూలు ఇటు జరిపింది.

ఇద్దరూ ఫోను మీదికి వంగారు. ఆరయింది. అతను కళ్లు మూసుకుని తెరను వేలితో కిందికి లాగాడు. మెల్లగా ఒక కన్ను తెరిచాడు.

నిన్నటి కవిత కింద ఫొటోలో భార్య నవ్వుతోంది.