జగన్నాధం చిల్లంగి

చిల్లంగి చేసేవాడి పళ్లు పీకేస్తే మంత్రం నోట పలకదని ఊరి నమ్మకం. అందుకే మునసబు నరసింగరావు పటకారు పట్టుకుని, పదిమందితో జగన్నాధం వాకిట్లోకి వచ్చాడు.

"ఒరే, నా గేదెకి సిల్లంగెట్టింది నువ్వేనేటి?"

"నానే మావా," అన్నాడు జగన్నాధం చెంప పట్టుకుని.

గుంపు ఒక్కసారిగా వెనక్కి జరిగింది. ఇలా ఒప్పుకున్నవాణ్ణి ఎవరూ చూడలేదు.

"మంత్రమంతా ఎడంపక్క సివరి దౌడపంట్లోనే ఉన్నాది. అదొక్కటీ పీకీండి, సాలు."

పీకేశారు. జగన్నాధం నెత్తురు ఉమ్మేసి, హాయిగా నిట్టూర్చాడు.

"అమ్మయ్య! నెల్లాళ్ల పోటు మావా. బొబ్బిల్లో పళ్ల డాక్టరు మిలట్రీలో సేరి యుద్ధానికెలిపోనాడు కదా!"

మర్నాడు తెల్లారేసరికి మునసబు గుమ్మం ముందు జనం చెంపలు పట్టుకుని బారులు తీరారు.

"బాబూ, మేవూ సిల్లంగోలమే!"