కూతకు సున్నా

వేలానికి ముందు కళాశాల కబడ్డీ ఆటగాళ్ళ ఇళ్ళకు పరిశీలన యంత్రం రావడం ఆనవాయితీ అయింది. దాని మార్కులు లేనిదే ఏ జట్టులోనూ చోటు దొరకదు. పెళ్ళివారు వచ్చినంత హడావిడిగా ఇందుమతి దానికి కుర్చీ వేసి, పూతరేకులు పెట్టింది.

"మా విహారి గొంతెత్తి మాట్లాడడండీ. ఎవరిమీదా చెయ్యి వెయ్యడు."

"కూతకు సున్నా. పట్టుకు సున్నా," అంది యంత్రం.

"అమ్మా, ఇవి పెళ్ళిచూపులు కావే!" అని విహారి తల పట్టుకున్నాడు.

ఇందుమతి గబగబా గుమ్మంలోకి వెళ్ళింది. కొడుకుమీద రోజూ తగాదాకొచ్చే పొరుగింటి కామాక్షిని కేకేసింది. "వదినా, మావాడు మీ తలుపు విరగ్గొట్టిన సంగతి కాస్త గట్టిగా చెప్పవూ!"

యంత్రాన్ని చూడగానే కామాక్షి కొంగు సర్దుకుంది. "ఎంతమాట! బయటివాళ్ళముందు అలా అంటావా వదినా? వాడు ఒట్టి లేగదూడండీ!"