అన్నయ్య వీధి రంగు

బొమ్మలమ్మ మ్యాపు గీసిందంటే ఎంతటి మొద్దుబుర్రకైనా ఇట్టే ఎక్కుతుంది, కావాలంటే పందెం! వార్తల వెబ్‌సైటులో ఆవిడ పని అదే. ఊళ్లో ఏ వీధి కుళాయి నీళ్లు తాగకూడదో చూపే మ్యాపును నడుం పడిపోయేలా గీసి, సైటులో పెట్టించి, వాళ్లన్నయ్య ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది.

అన్నయ్య ఆవిడకో గ్లాసుడు కుళాయి నీళ్లిచ్చి, తన గ్లాసు సగం ఖాళీ చేశాడు.

“నీ మ్యాపు చూశానే. అన్ని వీధులదీ ఒకటే రంగు. ఊరంతా మంచినీళ్లేనన్నమాట!”

“మీ వీధికి ఎరుపు పూశాను కదన్నయ్యా! ఆకుపచ్చ వీధుల్లోనే తాగాలి. ఇంకా వేళాకోళమేనా? చిన్నప్పుడూ అంతే, పండు టమాటాలు తెమ్మంటే పచ్చివి తెచ్చి అమ్మచేత తిట్లు తినేవాడివి.”

“అది వేళాకోళం కాదే. నాకా రెండు రంగులూ ఒక్కలాగే కనబడతాయి. మీరు నవ్వుతుంటే నేనూ నవ్వేసేవాణ్ణి.”

ఆవిడ అతని చేతిలో గ్లాసు లాక్కుంది. నిద్రకు మూసుకుపోతున్న కళ్లతోనే ఎడిటరుకు ఫోను చేసింది.

“మ్యాపు తీసేయండి సార్. చెడ్డ వీధులకి అడ్డగీతలు కొట్టి మళ్లీ ఇస్తాను.”

“అందరికీ అర్థమైందిగా తల్లీ!”

“మా అన్నయ్య తాగేశాడు సార్.”

పందెం ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. ఇంకోటీ ఒప్పుకుంటాను: టమాటాలు నా కల్పనే, నిజానికి అవి మిరపకాయలు. తిట్లు మాత్రం నిజం.