పక్కింటి ఫిర్యాదు

మార్చి నెల, మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకి అమెరికాలో క్యారీ అనే ఊరి దగ్గరి ఒక యూనివర్సిటీ తన సొరోరిటీల్లో ఒకదాన్ని సస్పెండ్ చేసింది.

సొరోరిటీ అంటే కాలేజీ అమ్మాయిల సంఘం. ఇందులో ఉన్నవాళ్ళు అమెరికాలో పుట్టిన భారతీయుల పిల్లలు.

కొత్తగా చేరే అమ్మాయిలను గరాజ్‌లో మోకాళ్ళ మీద నిలబెట్టి, చేతుల్లో ఇటుకలు పెట్టారన్నది అభియోగం. రిషిత అనే అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది.

ఇప్పుడున్న సభ్యుల్లో చివరి అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి వెళ్ళేదాకా సస్పెన్షన్. పాతవాళ్ళు కొత్తవాళ్ళకు ఏమీ నేర్పకూడదని ఆ నిబంధన.

నెలాఖరుకు అద్దె ఇల్లు ఖాళీ చేయాలి. గుమ్మం మీద సంఘం పేరుగా పెట్టుకున్న గ్రీకు అక్షరాలు ఆ సాయంత్రమే దించారు.

ప్రెసిడెంట్ స్మృతికి ఇంకో చిక్కు ఉంది. ఆమెకు మెడికల్ స్కూల్లో సీటు వచ్చింది. శుక్రవారం ఆమె మీద విడిగా విచారణ. ఏడాది సస్పెండ్ చేస్తే సీటు పోతుంది.

"ఎవరు చెప్పారు?" అంది స్మృతి.

"ఇంకెవరు? పక్కింటి సీసీటీవీ ఆంటీ," అంది సాన్వి, అక్షరాలను దుప్పట్లో చుడుతూ. "గరాజ్ డోర్ ఓపెన్ ఉంది కదా. వాకింగ్‌కి వచ్చి చూసింది. మా మమ్మీ కూడా నన్ను అంత వాచ్ చేయదు."

ఆ ఆంటీ పేరు వసంతలక్ష్మి. కూతురు అనుష్కను చూడటానికి కాకినాడ నుంచి వచ్చింది.

స్మృతి వెళ్ళి బెల్ కొట్టింది. తలుపు తీసింది వసంతలక్ష్మే.

"ఆంటీ, నువ్వు యూనివర్సిటీకి కాల్ చేశావా?"

స్మృతికి 'మీరు' అలవాటు లేదు.

"చేశానమ్మా. లోపలికి రా."

"వద్దు. ముందు మాకు చెప్పొచ్చు కదా?"

"చెప్పాను. 'ఇట్స్ ఫైన్ ఆంటీ' అని డోర్ దించేశారు. ఆ పిల్ల ఇంకా నేల మీదే ఉంది."



"రిషిత ఓకే ఆంటీ. ఆ రోజు లంచ్ తినలేదు, అంతే. మేమందరం చేశాం అది. ట్రెడిషన్."

"మా రోజుల్లో ర్యాగింగ్ అనేవాళ్ళు."

"ఇది ర్యాగింగ్ కాదు! నిన్ను ఎవరైనా ర్యాగింగ్ చేశారా?"

"నన్ను ఎవరూ చేయలేదు."

"మరి నీకేం తెలుసు?"

వసంతలక్ష్మి తలుపు ఇంకొంచెం తెరిచింది.

"నా సీటు పోతుంది ఆంటీ. దానికోసం ఎంత చదివానో తెలుసా? మిస్‌అండర్‌స్టాండింగ్ అని ఒక్క ఈమెయిల్ పెట్టు. ప్లీజ్."

"చూసింది చూడలేదని రాయను తల్లీ."

"నీకేంటి, సండే ఫ్లైట్ ఎక్కి వెళ్ళిపోతావు. ఇక్కడ ఉండాల్సింది మేం."

"శుక్రవారం ఎన్నింటికి పిలిచారు నిన్ను?"

"ఎందుకు? అక్కడికి కూడా వాకింగ్‌కి వస్తావా?"

స్మృతి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

శుక్రవారం రెండు గంటలకు విచారణ మొదలైంది. స్మృతి ప్యానెల్‌కు ఇంగ్లీషులో చెప్పింది.

"సాక్షి మా పక్కింటికి చుట్టపుచూపుగా వచ్చారు. పెద్దావిడ. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇక్కడి పద్ధతులు ఆవిడకు తెలియవు. చూసినదాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారు."

ప్యానెల్ రాసుకుంది. స్మృతిని పంపించాక సాక్షిని పిలిచింది.

తర్వాతి బుధవారం డీన్ ఫోన్ చేసింది.

"మీ సొరోరిటీ సస్పెన్షన్‌లో మార్పు లేదు. నీకు ప్రొబేషన్, అంటే హెచ్చరికతో సరి. రిషితకు క్షమాపణ చెప్పాలి. మేలో డిగ్రీ తీసుకోవచ్చు."



"నేను చెప్పింది నమ్మారా?"

"లేదు. నిన్ను ఏడాది పంపించేయాలనే ప్యానెల్ అనుకుంది. మీ పక్కింటావిడ మాట్లాడాక మార్చుకుంది."

"ఆవిడా? ఏం చెప్పారు?"

"అది ఆవిడనే అడుగు. అన్నట్టు, ఆవిడ ఇంగ్లీషు బాగానే ఉంది."

స్మృతి వెళ్ళేసరికి అనుష్క కారులోంచి కిరాణా సంచులు దించుతోంది.

"అక్కా, ఆంటీ ఉన్నారా?"

"అమ్మ ఆదివారమే వెళ్ళిపోయిందిగా."

"నాకోసం మాట్లాడారట. నేనేమో ఆంటీ గురించి అక్కడ బ్యాడ్‌గా చెప్పాను."

"తెలుసు. నువ్వు చెప్పింది ప్యానెల్ వాళ్ళు మాకు చదివి వినిపించారు. అమ్మని డ్రైవ్ చేసి తీసుకెళ్ళింది నేనే. పక్కనే కూర్చున్నా."

"వినీ కూడా నన్ను సపోర్ట్ చేశారా? ఏమన్నారు?"

"'ఈ పని ఆపించండి. పడిపోయిన పిల్లకి సారీ చెప్పించండి. కానీ ఈ అమ్మాయి చదువు మాన్పించొద్దు. మాన్పిస్తే ఏమవుతుందో నాకు తెలుసు' అంది."

"ఎలా తెలుసు?"

అనుష్క చేతిలో సంచి కింద పెట్టింది.

"అమ్మ మెడిసిన్ చదివింది, మూడో ఏడు దాకా. హాస్టల్ మేడ మీద ఒక జూనియర్‌ని ఎండలో నిలబెట్టారు. ఆ పిల్ల పడిపోయింది. అమ్మని కాలేజీలోంచి తీసేశారు. మళ్ళీ ఎక్కడా సీటు ఇవ్వలేదు."

"ఆంటీ అప్పుడు కూడా రిపోర్ట్ చేశారా? అందుకని తీసేశారా?"

"లేదు స్మృతీ. నిలబెట్టింది అమ్మే."