పేరు చెప్పని గొంతు

పెన్‌డ్రైవ్‌లోని మొదటి గొంతు వినగానే ఆమె చెయ్యి మౌస్ మీద బిగుసుకుపోయింది.

"తాతయ్య కిందపడ్డాడు. పిలిస్తే లేవట్లేదు. తొందరగా రండి." ఎవరో పసిపిల్ల ఏడుపు.

రెండోది ఆడమనిషి. "తలుపు బాదుతున్నాడు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను."

అలాంటివి పదకొండు.

"ఇవన్నీ ఫోన్లో మాట్లాడినట్టు చేసిపెట్టాలమ్మా," అన్నాడు అవి తెచ్చిన మనిషి. అరవై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో టోపీ. "మధ్యమధ్య కాస్త ఖాళీ వదలండి, అవతలివాళ్ళు మాట్లాడడానికి."

ఆమెకది నిమిషాల పని. గొంతులోని అడుగు బరువునూ పై మెరుపునూ ఫిల్టర్‌తో కోసేసి నడిమి ముక్క ఉంచితే చాలు, పక్కన కూర్చున్న మనిషి కూడా ఎక్కడో దూరంనుంచి మాట్లాడినట్టే ఉంటాడు. నాటకాలకు అలా ఎన్ని చేసిందో లెక్కలేదు.

కానీ ఇవి నాటకంలా లేవు.

ఈమధ్య ఊళ్ళో ఎవరి నోట విన్నా ఒకటే మాట. ఫోన్ మోగుతుంది, కొడుకు గొంతో కూతురి గొంతో ఏడుస్తుంది, కన్నవాళ్ళు హడలిపోయి ఉన్నదంతా ఊడ్చి పంపేస్తారు.

రికార్డింగ్ గదిలో ఆమె, తొమ్మిదేళ్ళ కూతురు, ఈ మనిషి. తలుపు మూస్తే లోపల గొంతు చించుకున్నా బయటికి వినపడని గది.

"ఎందుకండీ ఇవి?"

"కొత్త పిల్లలొచ్చారు. పాఠం చెప్పాలి. ఇలాంటి ఏడుపు వింటే వాళ్ళ చెయ్యి వణక్కూడదు."

ఆమె ఆ రికార్డింగు ఆపేసి అతనివైపు తిరిగింది.

"ఏడ్చిందెవరు?"

"మా వీధివాళ్ళే. బతిమాలి ఏడిపించాను. బాగా చేశారు కదూ?"

"మీదేం పని?"

"ఫోన్ల పని."

"పేరు చెప్పండి, రాసుకోవాలి."

"రాయకపోతే ఏమమ్మా? మా పనిలో పేరు చెప్పే అలవాటు లేదు."

మూలన బొమ్మలు వేసుకుంటున్న కూతురు తలెత్తింది. నోరు ఊరుకోదని దాన్ని అందరూ పిచ్చుక అంటారు.

"పేరు చెప్పకపోతే మిమ్మల్ని అన్నానికెలా పిలుస్తారు తాతయ్యా?"

"గిన్నె చప్పుడు చేస్తారు. నేనే పరిగెత్తుకెళ్తాను."

పిచ్చుక పకపకా నవ్వింది.

"నీకెన్నేళ్ళు తల్లీ?"

ఆమె అడ్డొచ్చింది. "దాని వయసు మీకెందుకు? పిచ్చుకా, ఇటు రా."

కూతుర్ని కుర్చీ వెనక్కి లాక్కుంది. రెండో చేత్తో, అతనికి కనపడకుండా, మైకు తెరిచి రికార్డు నొక్కింది. రేపు పట్టివ్వాలంటే గొంతైనా ఉండాలి కదా.

"మిషన్ పాడైంది. ఇవాళ కాదు, రేపూ కాదు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో ఏముందో తెలిసిపోయినట్టుంది, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, టోపీ పెట్టుకుని లేచాడు.

"భయపడకమ్మా. నేను వెళ్ళిపోతున్నాను. తలుపు తీసే ఉంచుతాను, నీకు ధైర్యంగా ఉంటుంది."

మెట్లు దిగిన చప్పుడు ఆగాక ఆమె బావకి ఫోన్ చేసింది. అక్క మొగుడు పోలీసు స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్.

"మరదలా, నీకు పాలవాడి మీద కూడా అనుమానమే," అన్నాడు బావ.

"ఈసారి నిజం బావా. నా పిల్ల వయసు అడిగాడు."

అంతా విన్నాక బావ నవ్వలేదు.

పొద్దు వాలేవేళకి తిరిగి ఫోన్ వచ్చింది.

"బస్టాపులోనే దొరికాడు. ఆ ఏడుపులు వింటే మావాళ్ళకే ఒళ్ళు జలదరించింది. ఒకడు ఆవేశపడి తోశాడు, మెట్టుకి తల కొట్టుకుంది."

"అయ్యో. ఎలా ఉన్నాడు?"

"ఆస్పత్రిలో పడేశాం. ప్రాణానికేం లేదుగానీ మాట పడిపోయింది. తిరిగొస్తుందో రాదో డాక్టరు చెప్పలేనంటున్నాడు. నీ దగ్గర వాడి గొంతుందన్నావుగా?"

"ఉంది. రెండు మూడు మాటలే."

"చాలు. దాన్ని ఫోన్లో గొంతులా చేసి పంపు. మోసపోయినవాళ్ళు వాడి మొహమెరగరు. ఫోన్లో వింటేనే గుర్తుపడతారు."

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. అడుగు కోసింది. పైన కోసింది. నడిమి ముక్క ఉంచి, హెడ్‌ఫోన్ పెట్టుకుని నొక్కింది.

"భయపడకమ్మా..."

మళ్ళీ నొక్కింది. మళ్ళీ విన్నది.

"ఏంటమ్మా అలా ఉన్నావు? ఎవరు మాట్లాడుతున్నారు?" పిచ్చుక వచ్చి భుజం కుదిపింది.

ఆమె కూతుర్ని రెండు చేతులా పొదివి పట్టుకుంది.

తొమ్మిదేళ్ళ కిందట పది రోజుల పసిగుడ్డు ఒడిలో నీలంగా మారిపోతుంటే, ఆపద నంబరుకు చేసిన ఫోన్ ఎత్తి, ఆంబులెన్సు గుమ్మంలో ఆగేదాకా పదిహేడు నిమిషాలు పెట్టేయకుండా, నోట్లోకి ఎంత గాలి ఊదాలో ఒక్కొక్కటే లెక్కపెట్టి చెప్పి, పిచ్చుకను బతికించిన గొంతు అది.